మూడు అక్రోటు చిప్పలు, రంగమ్మ బొటనవేలు

ముందుగానే ఒప్పుకుంటున్నాను: నేను కొంచెం పెంచి చెబుతాను. కొంచెం అన్నది కూడా తగ్గించి చెప్పిన మాటే. నేను "బస్సు నిండా జనం" అంటే మా ఇంట్లోవాళ్లు డ్రైవరూ కండక్టరూ ఇద్దరే ఉన్నారని అర్థం చేసుకుంటారు. కాబట్టి ఈ కేసులో పెద్ద అంకె కనబడినచోటల్లా పదితో భాగించుకోండి. అవన్నీ పెంచి చెప్పినవే. శుద్ధ అబద్ధం మాత్రం ఒకటే ఉంది. అదేదో చివర్లో నేనే చెబుతాను.

అది 2023 వేసవి. అరవదేశంలోని మా ధర్మపురిలో ఎండ ఎంత తీవ్రంగా ఉందంటే, నా క్లినిక్ మెట్లెక్కి పైకి వచ్చేలోపే రోగుల కీళ్లు కాగి సగం వైద్యం దానంతటదే అయిపోయేది. నేను ఫిజియోథెరపిస్టును. అంటే, విరిగి అతుక్కున్న చేతుల్నీ పట్టేసిన కాళ్లనీ మళ్లీ కదిలేలా చేసేవాణ్ని. మా వంశంలో మిగతా అందరూ వ్యాపారులే. ఇంట్లో తెలుగు, అంగట్లో అరవం మాట్లాడుతూ తరతరాలుగా పప్పూ ఉప్పూ అమ్ముకున్నవాళ్లు. ఇప్పటికీ కింద మా అన్న కిరాణా అంగడి, దాని నెత్తిన నా క్లినిక్. కింద కందిపప్పు తూచుతుంటే పైనుంచి "చచ్చితిని దేవుడా" అని కేక వినబడుతుందనీ, కొత్తవాళ్లు పొట్లం కూడా అందుకోకుండా పారిపోతున్నారనీ మా అన్న ఫిర్యాదు.

ఆ ఎండలో పక్కనున్న ఇండూరు పల్లె నుంచి రంగమ్మ వచ్చింది. అరవై అయిదేళ్ల మనిషి, వెంట కోడలు జయ. ఇద్దరూ కూలిపనికి పోయేవాళ్లే. వేసవిలో చింతపండు కొట్టి గింజ తీయడం రంగమ్మ పని. పారిపోతున్న మేకపిల్లను (నా లెక్కలో అది ఎద్దంత ఉంటుంది) పట్టబోయి పడి, కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆస్పత్రిలో పిండికట్టు వేసి, ఆరు వారాలకు తీసేసి, వేళ్లు ఆడించుకోమని చెప్పి పంపారు. ఊళ్లోవాళ్లు మాత్రం "పచ్చి ఎముక, కదిలిస్తే మళ్లీ విరుగుతాది" అన్నారు. రంగమ్మ ఊరి మాటే విన్నది. ఇంకో నెలపాటు చేతిని పాతచీర గుడ్డలో చుట్టి, పసిబిడ్డను పొత్తిళ్లలో పెట్టుకున్నట్టు గుండెకు ఆనించుకుని తిరిగింది. మా వైపు నా దగ్గరికి వచ్చే కేసుల్లో సగం ఇలాంటి పొత్తిళ్ల చేతులే.

గుడ్డ విప్పితే ఎముక చక్కగా అతుక్కుని ఉంది, వేళ్లు మాత్రం కొయ్యబారి ఉన్నాయి. దీన్ని మేం స్టిఫ్‌నెస్ అంటాం. అన్నిటికన్నా పోయింది ఆపోజిషన్. అంటే, బొటనవేలు వంగి మిగతా వేళ్ల కొసల్ని ముట్టడం. గుండీ పెట్టుకోవాలన్నా, చిటికెడు ఉప్పు వేయాలన్నా అదే ఆధారం. రంగమ్మ బొటనవేలికీ నడిమివేలికీ మధ్య స్కేలు పెట్టి చూస్తే సందు నాలుగు సెంటీమీటర్లు. దీన్ని పదితో భాగించకండి. కొలతల దగ్గర నేను పెంచను.

"చెయ్యి బాగైతే మొట్టమొదట ఏం చేయాలని ఉంది పెద్దమ్మా?" అని అడిగాను. అందర్నీ అడిగే ప్రశ్నే. చింతపండు అంటుందనుకున్నాను.

"కొప్పు," అంది రంగమ్మ. "నా కొప్పు నేను ముడుచుకోవల్ల సామీ. రెండు నెల్ల పైన ఆయె, నా తల ఈయమ్మ చేతిలో ఉండాది. ఈయమ్మ లాగే లాగుడుకు నా మొగం వీపు పక్కకు తిరిగిపోయేటట్టుంది."

"ఉండేదే గుప్పెడు వెంట్రుకలు సార్," అంది జయ. "దానికి దినమూ ఒక వంక. ఎడమ పక్క లూజంట, కుడి పక్క ఎత్తంట. మూడుసార్లు విప్పి కట్టేలోపు నాకు బస్సు పోతాది."

ఇద్దరూ నవ్వుతూనే అన్నారు. కానీ రంగమ్మ ఎడమచేత్తో ఆ కొప్పును ఒకసారి తడుముకుని, అది ఎవరిదో అన్నట్టు చెయ్యి తీసేసుకుంది. ఇంకో రెండు నెలలు ఇలాగే వదిలేస్తే వేళ్లు ఇలాగే నిలిచిపోతాయని చెప్పాను. అందులోనూ పెంచింది లేదు.

థెరపీ పుట్టీ ఇచ్చాను. పసుపు రంగు ముద్ద, వేళ్లతో నొక్కీ నొక్కీ బలం తెచ్చుకోవడానికి. "ఇది యేమి సామీ, పూరీల పిండా?" అని అనుమానంగా తీసుకుపోయింది. వారం తర్వాత చూస్తే డబ్బా మూతకు నేను అంటించిన టేపు అంటించినట్టే ఉంది.

"మా మనవరాలు అడిగినా ఇయ్యలేదు సామీ," అంది గర్వంగా. "భద్రంగా పెట్టినాను."

ఇక నా జబ్బు సంగతికి వస్తాను. ఆ రోజుల్లో నేను ఫోనులో ఒక వీడియోకు బానిసను. తెల్లగడ్డం, నల్లకోటు వేసుకున్న ఒక ముసలాయన బల్ల మీద మూడు అక్రోటు (వాల్‌నట్) చిప్పలు బోర్లించి, ఒక దాని కింద బఠాణీ అంత రబ్బరు గింజ పెట్టి, అటూ ఇటూ జరుపుతాడు. గింజ ఎక్కడుందో మీరు ప్రమాణం చేసి చెప్పగలరు. అక్కడ ఉండదు. ఒకప్పుడు సంతల్లో జనాన్ని ఏమార్చిన ఆటే, ఇప్పుడు వేడుకకు నేర్పుతున్నాడు. పదకొండు నిమిషాల పాఠం. నేను నాలుగు వేలసార్లు చూశాను.

కిటుకు ఒక్కటే. చిప్పను మెత్తటి గుడ్డ మీద ముందుకు తోస్తున్నప్పుడు గింజ వెనక అంచు కిందినుంచి జారి బయటికి వస్తుంది. అక్కడ కాచుకుని ఉన్న బొటనవేలూ నడిమివేలూ దాన్ని పట్టేసి దాచేస్తాయి. చూసేవాళ్ల కళ్లు చిప్ప వెంట పోతాయి. వినడానికి ఇంతే. అక్రోట్లు అన్న అంగట్లో దొరికాయి. రబ్బరు గింజ ఎక్కడ వెతకాలి? చుట్టూ చింతపండు పండే ఊరు, చింతగింజ చాలదా అనుకున్నాను. చిప్ప తోయగానే చింతగింజ తుపాకి గుండులా లేచి, కిటికీ దాటి, కింద అంగట్లో ఉద్దిపప్పు మూటలో పడింది. ఆ వారం ధర్మపురిలో దోసె కొరికి పన్ను పోగొట్టుకున్నవాళ్లు కనీసం మూడు వందల మంది.

"ఏమిరా," అని అన్న కింది నుంచి అరిచాడు, "పైన వైద్యమా, విత్తనాలు చల్లేదా?"

ఈ సాధనలో ఉండగానే రంగమ్మ వచ్చి చూసింది. నేను వెంటనే పందెం వేశాను. గింజ ఎక్కడుందో చెప్పలేకపోతే పుట్టీని యాభైసార్లు నొక్కాలి. చెప్పేస్తే ఆ పూటకు వ్యాయామం మాఫీ.

చిప్పలు తిప్పాను. ముసలాయన లాగే చిరునవ్వు కూడా పెట్టాను.

"మూడింటి కిందా లేదు," అంది రంగమ్మ. "మీ చెప్పు పక్కన పడినాది, చూడండి సామీ."

రెండోసారి వచ్చినప్పుడు గింజ నా వేళ్ల సందులోంచి సగం బయటికి చూస్తోంది. మూడోసారి ఆమె కళ్లు మూసుకుని, చప్పుడు విని చెప్పింది. మూడో ఓటమి నుంచి నన్ను "మీరు" అనడం కూడా మానేసింది.

ఇక్కడ ఒక వృత్తి రహస్యం చెప్పాలి. నేను కావాలనే ఓడిపోతున్నాను. రోగికి వ్యాయామం మీద మనసు లేనప్పుడు ముందు గెలుపు రుచి చూపించాలి. అనుభవం ఉన్న ఫిజియోథెరపిస్టులు చేసే పనే ఇది. కాకపోతే పందెం ప్రకారం మూడు పూటలు వ్యాయామం పోయింది. స్కేలు పెడితే సందు ఇంకా మూడున్నర. జయకు కోపం వచ్చింది.

"సార్, పని మానుకుని బస్సెక్కి వచ్చేది మీ ఆట చూసేదానికా? ఆమె చెయ్యి ఇట్లనే నిలిచిపోతే మీరు వచ్చి కొప్పు కడతారా?"



ఆ తర్వాతిసారి రంగమ్మ టిఫిన్ డబ్బాతో వచ్చింది. మూత తీస్తే నానబెట్టిన అనపగింజలు, చిక్కుడు జాతివి.

"నీ అవస్థ చూడలేక తెచ్చినాను నైనా. చింతగింజ గట్టిది, చిప్ప కింద అణగదు, వేళ్లకు చిక్కదు. ఏదీ, ఆ ముసలోణ్ని ఒకసారి చూపించు."

ఫోను చూపించాను. ముక్కుకు ఆనించుకుని చూసింది. రెండు నిమిషాలకే పకపకా నవ్వింది.

"జయా, ఇట్ల చూడే! ఈ కోటాయన చేసేది యేమి? అనపగింజ పితికేది! మనింట్లో పితికిపప్పుకు చేసేదే కదా ఇది!"

నాకు వీపు మీద చరిచినట్టయింది. మా ఇళ్లలో పితికిపప్పు కూర తెలియనివాళ్లు లేరు. నానిన అనపగింజను బొటనవేలికీ నడిమివేలికీ మధ్య పెట్టి నొక్కితే తొక్క వెనక నిలుస్తుంది, పప్పు ముందుకు దూకుతుంది. వీడియోలో ఉన్న పట్టు సరిగ్గా అదే. నేను పుట్టీతో రాబట్టాలని చూస్తున్న పట్టూ అదే. మా అమ్మ పితికిన పప్పు ఏళ్ల తరబడి తిన్న నాకు నాలుగు వేలసార్లు చూసినా తట్టలేదు.

"లెయ్ నైనా," అని నన్ను స్టూలు మీదినుంచి లేపింది. కుడిచెయ్యి చిప్ప మీద పెట్టింది. తోసింది. గింజ వెనక్కి వచ్చింది, వేళ్లు అందలేదు. మళ్లీ తోసింది. అందలేదు. పది, పదిహేను. పై పెదవి మీద చెమట. నొప్పి ఉంది, ముఖం చెబుతోంది.

"చాలు పెద్దమ్మా, ఈ రోజుకు..."

"నువ్వు ఊరికే ఉండు. నలభై ఏండ్లు పితికిన వేలు ఇది. యాడికి పోతాదో చూస్తాను."

పుట్టీ డబ్బా వాపసు తీసుకున్నాను. దాని బదులు రోజూ గుప్పెడు నానిన అనపగింజలు పితకమని రాసిచ్చాను. మణికట్టు వంచే వ్యాయామాలు వేరేగా. చిప్పలు మూడూ ఆమే చీరకొంగున కట్టుకుని పోయింది, అడగనైనా అడగలేదు.

వారానికి సందు మూడు సెంటీమీటర్లు. తర్వాత రెండు. "దినమూ పితికిపప్పే సార్," అని జయ మొరపెట్టుకుంది. "పొద్దున పితికిపప్పు, సాయంత్రం పితికిపప్పు. మా ఆయన అనపచెట్టు చూస్తే పక్కదారిలో పోతా ఉండాడు." ఇంట్లో గింజలు అయిపోతే వీధిలోవాళ్లవి తెచ్చి పితికిందట. ఇండూరులో పితకని అనపగింజ మిగల్లేదని నా అంచనా.

ఆరో వారం రంగమ్మ వచ్చి నా కుర్చీలో కూర్చుని, నన్ను రోగి స్టూలు మీద కూర్చోమంది. బల్ల మీద తువ్వాలు పరిచింది. మూడు చిప్పలు, ఒక గింజ.

"యాడ ఉండాది?"

మధ్యది చూపించాను. ఎత్తింది. లేదు. ఎడమది. లేదు. మిగిలింది కుడిదే కదా అని ధీమాగా దాన్ని నేనే ఎత్తాను. అక్కడా లేదు. బల్ల కింద చూశాను, చెప్పుల దగ్గర చూశాను. జయ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

రంగమ్మ కుడిచెయ్యి నా ముక్కు ముందుకు తెచ్చింది. బొటనవేలి కొసకూ నడిమివేలి కొసకూ మధ్య అనపగింజ బిగించి ఉంది. రెండు వేళ్లూ వణుకుతున్నాయి, గింజను మాత్రం వదల్లేదు. స్కేలు తీయబోయి మానుకున్నాను. ఇక కొలవడానికేముంది?

"తల కూడా చూడండి సార్," అంది జయ. "నిన్నటి నుంచి నన్ను ముట్టనీయడంలేదు. తానే ముడుచుకుంటా ఉండాది."

రంగమ్మ తల తిప్పి చూపించింది. కొప్పు ఎడమ పక్కకు ఒరిగి, ఇప్పుడో ఇంకాసేపటికో విడిపోయేలా ఉంది.

"కొంచెం వంకరగా ఉన్నట్టుంది పెద్దమ్మా?"

"వంకరైతే యేమి నైనా," అంది. "నాది కదా."

అప్పటినుంచి కొత్త చెయ్యి నా బల్ల మీదికి వస్తే, స్కేలు తీయకముందే ఇన్నాళ్లూ ఈ చెయ్యి ఏం పని చేసిందని అడుగుతున్నాను. దర్జీకి గుండీలు ఇస్తాను, పూలు కట్టే ఆమెకు నారే ఇస్తాను. పుట్టీ డబ్బాలు బీరువాలో ఎండుతున్నాయి.

ఇక ఒప్పుకోవాల్సింది. కొలతలు నిజం, కొప్పు నిజం, అనపగింజలు నిజం. కావాలనే ఓడిపోయానని రాశానే, అదే ఆ శుద్ధ అబద్ధం. మూడు ఆటలూ పళ్లు బిగించి, గెలవడానికే ఆడాను. ఒక్కటైనా గెలిచి ఉంటే ఆమె పుట్టీని యాభైసార్లు నొక్కి, విసుగుపుట్టి, మళ్లీ వచ్చేది కాదు. ఇన్నేళ్ల నా వృత్తిలో, నా చేతకానితనం చూసి ఓర్వలేక బాగుపడిన రోగి ఆమె ఒక్కతే.