నెత్తి మీద యూరిన్ సంచి

మా వార్డులో అన్నం తిన్నావా అని ఎవరూ అడగరు. పెద్ద డాక్టరు దగ్గర నుంచి నేల తుడిచే మనిషి దాకా అందరి పలకరింపూ ఒకటే: "వచ్చిందా?"

విజయనగరంలో ఒక ఆస్పత్రి, అందులో యూరాలజీ వార్డు. నేను అక్కడ స్ట్రెచర్లు తోస్తాను, మంచాలు సర్దుతాను, సంచులు పారబోస్తాను. సంచి అంటే బజారు సంచి కాదు. ఒంటికి వెళ్ళలేని వాళ్ళకి లోపలికి పైపు వేసి, దాని చివర తగిలించే ప్లాస్టిక్ సంచి.

జోకులు వేయడం కూడా నా పనే అనుకుంటారు అందరూ. "కొళాయి కట్టేసిన మున్సిపాలిటీ వోల్ల మీద కేసు ఎట్టు మావా" అంటే మంచం మీద మనిషి కుట్లు పట్టుకుని నవ్వుతాడు. మొదట్లో నేనూ నవ్వేవాణ్ణి. ఇప్పుడు లోపల, పన్ను పీకే ముందు సూది వేసిన దవడలా ఉంటుంది. మాట బయటికి వస్తుంది. రుచి తెలీదు.

అప్పట్లో మా దగ్గర స్పెషలిస్టు చదువు చదువుకుంటున్న ఒక డాక్టరమ్మ ఉండేది. ముందు డాక్టరు చదివింది, ఆ పైన సర్జరీ చదివింది, అది చాలక ఇప్పుడు కిడ్నీలూ మూత్రసంచీ చదువుతోంది. నేను కొత్తవలసలో ఎనిమిదో తరగతిలోనే బడి గోడ దూకినవాణ్ణి.

"మనిద్దరి చదువూ కలిపి సగం సగం పంచుకుని ఉంటే, ఈపాటికి ఇద్దరం ఇంటికాడ ఉందుము మేడమ్" అన్నాను ఒకసారి.

"నిజమే అన్నా" అంది. నవ్వలేదు, కోప్పడలేదు. గ్లౌజులు మార్చుకుని పక్క మంచానికి వెళ్ళిపోయింది. పొద్దున తెచ్చుకున్న ఇడ్లీ పొట్లం కిటికీలోనే ఉండిపోయేది. ఆ ఏడాది ఆమె కంటే చీమలే బాగా తిన్నాయి.

ఆ రోజుల్లోనే సముద్రం ఒడ్డు నుంచి, వేటకెళ్ళే ఒక పెద్దాయన ప్రోస్టేటు ఆపరేషనుకి వచ్చాడు. నేను మావా అనేవాణ్ణి. ఆయన భార్య, నాకు అత్త, గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి చేపలమ్మిన మనిషి. ఆపరేషను బాగానే అయింది. మావకి ఒకటే బెంగ.

"పైపు ఎప్పుడు తీస్తావు తల్లీ?"

"శుక్రవారం తీస్తాను పెద్దాయనా. మీ అంతట మీకు వస్తే ఇంటికి వెళ్ళిపోవచ్చు."

"రాకపోతే?"

"మళ్ళీ పైపు వేస్తాం. కొన్నాళ్ళు దాంతోనే ఇంటి దగ్గర ఉండాలి."

"పైపుతోటి నాను ఊరెల్లను. వల లాగినోడికి గోచీయే గదా, ఈ సంచి ఎక్కడ దాసుకుంతాను? ఒడ్డు మీద కుర్రోలు నవ్వుతారు."

"నీ గోచీ సూసి నవ్వనోలు సంచి సూసి నవ్వుతారేటి మావా?" అన్నాను. వార్డంతా నవ్వింది. మావ నవ్వలేదు.

గురువారం ఆయన్ని స్కానింగుకి రమ్మన్నారు. నేను వేరే మనిషిని స్ట్రెచర్ మీద తోసుకొస్తున్నాను. నడవాలో జనం గోడకి ఒదిగి ఎటో చూస్తున్నారు. చూద్దును కదా, మావ అడుగులో అడుగు వేస్తున్నాడు. అత్త ఒక చేత్తో ఆయన రెక్క పట్టుకుంది. రెండో చేతిలో ఫిలింలు, మందుల కవరు. సంచి నెత్తి మీద ఉంది. కొంగు చుట్టకుదురులా చుట్టి, దాని మీద పెట్టి, చెయ్యి ఆనించకుండా నడుస్తోంది. పైపు ఆమె చెవి పక్కనుంచి దిగి ఆయన లుంగీలోకి పోతోంది.

ఎదురుగా వస్తున్న డాక్టరమ్మ పరుగెత్తింది.

"దించండమ్మా, దించండి! అంత పైకి ఎత్తితే మూత్రం వెనక్కి లోపలికే పోతుంది."

"దించి నేల మీద ఈడ్సుకెల్లమంతావేటి? మా కాడ ఏ బరువైనా నెత్తి మీదే. సూడు, సుక్క ఒలికిందేటి?"

ఒలకలేదు, నిజమే. డాక్టరమ్మ ఆ సంచి తీసి, అత్త చేతికి ఇచ్చి, ఆ చేతిని పట్టుకుని మోకాలి దాకా దించింది. "ఇక్కడ. ఎప్పుడూ ఇక్కడే."

మధ్యాహ్నమంతా నర్సమ్మలకి ఆ నడక నడిచి చూపించాను, నెత్తి మీద స్టీలు గ్లాసు పెట్టుకుని. పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. సాయంత్రానికి మావకి చలి జ్వరం వచ్చింది. ఇనప మంచం గడగడలాడింది. డాక్టరమ్మ పైపు మార్చి, సెలైన్ పెట్టించింది.

"నా వల్లేనా తల్లీ?" అంది అత్త.

"పైపు ఉన్నవాళ్ళకి జ్వరం ఎలాగైనా రావచ్చమ్మా. దానివల్లేనని చెప్పలేను."

కాదని కూడా అనలేదు. ఆ మాట కోసం అత్త ఇంకాసేపు అక్కడే నిలబడింది.

జ్వరంతోనే శుక్రవారం గడిచిపోయింది. జ్వరం తగ్గాక ఒక ఉదయం పైపు తీశారు. మావ చేత నీళ్ళు తాగించారు. బాత్‌రూంలో కొళాయి సన్నగా తిప్పి వదిలాను, ఆ చప్పుడు వింటే కొందరికి వస్తుంది. మావ లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. పక్క మంచాల వాళ్ళు దగ్గు కూడా ఆపుకున్నారు.

"మావా, పడవలో అయితే ఏ పక్కకి నిలబడతావు?"

"గాలికి ఎదురు కాదు గదా, ఎర్రోడా" అన్నాడు లోపలి నుంచి.

ఆ తర్వాత కొళాయి చప్పుడు ఒక్కటే వినిపించింది. చాలాసేపటికి పొత్తికడుపు పట్టుకుని బయటికి వచ్చాడు. ఆ రోజు "వచ్చిందా" అని ఎవరూ అడగలేదు. ఇంకా నీళ్ళు తాగాడు, ఇంకా రెండుసార్లు వెళ్ళాడు. కడుపు రాయిలా అయ్యాక తనే మంచం మీద పడుకుని గోడ వైపు తల తిప్పుకున్నాడు.

"ఎయ్యి తల్లీ."

డాక్టరమ్మ పైపు వేసింది. సంచి గబగబా నిండింది. "కొన్నాళ్ళాగి మళ్ళీ తీసి చూద్దాం పెద్దాయనా" అంది. మా కొత్తవలస స్టేషన్లో రైలు ఆలస్యమని చెప్పే గొంతు ఉంటుంది, అలా అంది. ఆ గొంతు నాకు తెలుసు. నా జోకులన్నీ ఆ గొంతుతోనే వేస్తున్నాను.

మర్నాడు మావ వెళ్ళనని అనలేదు. లుంగీ కట్టుకుని బయల్దేరాడు. బస్సు కాంప్లెక్సుకి ఆటో పిలిచి, గేటు దాకా నేనే తీసుకెళ్ళాను. అత్త నెత్తి మీద ఏమీ లేదు. ఒక పక్కకి వంగి, సంచి మోకాలి దగ్గర పట్టుకుని, ఆయన అడుగుకి అడుగు కలుపుతోంది. ఆటో ఎక్కేటప్పుడు ఆగి నా వైపు చూసింది.

"ఇలాగేనా బావు?"

"ఇలాగే అత్తా."

జోకు ఒకటి నోటిదాకా వచ్చింది. వేయలేదు. వేసినా వేయకపోయినా ఒకటే అనిపించింది.

వార్డులోకి వచ్చేసరికి డాక్టరమ్మ ఆ మంచం దగ్గరే ఉంది.

"వెళ్ళారా?"

"ఎల్లారు మేడమ్."

"సంచి ఎలా పట్టుకుంది?"

"మోకాలి దగ్గరే."

తల ఊపి, కొత్త గ్లౌజులు తొడుక్కుంది. నేను దుప్పటి మార్చాను.