తోమాసా నోటి గాక

దోన్యా తోమాసా నోట గాక లేనిదే మాట ముగిసేది కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం ఆవిడకు రాదు, తాను కోరుకున్నదే చెప్పేది. వాన పడుతోందా అని అడిగితే "ఆగుగాక!" అనేది. పాపం అడిగినవాడు గొడుగు తీసుకోవాలో వద్దో తెలియక గుమ్మంలోనే నిలబడిపోయేవాడు.

బస్సెక్కుతూనే డ్రైవరు భుజం తట్టి, "బ్రేకులు పడుగాక, నాయనా!" అనేది. వెనక సీట్లవాళ్ళు గబగబా దిగిపోయేవారు.

చర్చి మెట్ల మీద కొత్త పెళ్ళికూతురిని ముద్దాడి, "మీ ఆయన గురక పెట్టకుండుగాక!" అంది. పెళ్ళికొడుకు తల్లి నిర్ఘాంతపోయింది.

"మావాడి గురక సంగతి నీకెలా తెలుసే?"

ఒక ఆదివారం ఫాదర్ ప్రసంగం నడుస్తుండగా "త్వరగా ముగియుగాక!" అనేసింది. అలవాటుకొద్దీ ఊరంతా "ఆమెన్" అంది.

పక్కింటి ఎర్మీనియాకు ఆవిడ గొంతు వినబడితే చాలు, గుండె దడ. ఏ గాక వచ్చి ఎవరి నెత్తిన పడుతుందోనని.

ఎర్మీనియా భర్త ఫౌస్తో హఠాత్తుగా పోయాడు. తొమ్మిది రోజుల జపమాల మొదలైంది. వచ్చినవాళ్ళంతా ఆమెను కావలించుకుని, "ఫౌస్తోకు శాంతి కలుగుగాక" అని, కాఫీ తాగి వెళ్ళేవారు. ఎర్మీనియాకు మాత్రం ముద్ద దిగడం లేదు. బతిమాలితే గోడవైపు తిరిగేది. మనిషి పుల్లలా అయిపోయింది.

ఆఖరి సాయంత్రం, ప్రార్థన చెప్పించే క్రెసెన్సియా, "ఫౌస్తోకు నిత్య విశ్రాంతి..." అని అందించింది. అందరికంటే ముందు తోమాసా గొంతు లేచింది.

"ఎర్మీనియాకు ఆకలి వేయుగాక!"

జపమాలలు ఆగిపోయాయి.

"మతి పోయిందా, తోమాసా? ఇది చనిపోయినవాడి ప్రార్థన!" అంది క్రెసెన్సియా.

"వాడికి విశ్రాంతి కొత్తగా అడగాలా? బతికున్నన్నాళ్ళూ పడుకున్న ఊయల దిగాడా? ఈ పిల్ల కోసం ఒక్కరైనా ఏమైనా అడిగారా?"

అందరి నోళ్ళూ తెరుచుకున్నాయి. ఎర్మీనియాకు మాత్రం ఎక్కడినుంచో నవ్వు తన్నుకొచ్చింది.

"ఊయలకు చిల్లు కూడా పడింది," అంది నల్ల శాలువా నోటికి అడ్డం పెట్టుకుని. నవ్వుతూ నవ్వుతూనే తోమాసా వండి తెచ్చిన, ఆకులో ఉడికిన మొక్కజొన్న తమాల్ ఒకటి అందుకుని కొరికింది.

"ఉప్పు లేదు."

"రేపు మా ఇంటికి నువ్వే వచ్చి వేస్తున్నావు," అంది తోమాసా.

ఈసారి చివర గాక లేదు. క్రెసెన్సియా గుండె మీద శిలువ గుర్తు వేసుకుంది.