సెంటర్ ఎవరన్నది తేలలేదు

అమెరికాలో రాత్రి ఆడే బాస్కెట్‌బాల్ మ్యాచ్ మనకు తెల్లవారాక వస్తుంది. సంగారెడ్డిలో నా స్నేహితుడికి డయాలిసిస్ మొదలయ్యేది కూడా ఆ వేళకే. సోమ, బుధ, శుక్రవారాల్లో అతని చేతికి సూదులు గుచ్చి మిషన్‌కు కలిపాక, ఫోన్‌ను మంచం పక్కనున్న ఇనుప స్టాండుకు ఆనించి ఇద్దరం ఆట చూస్తాం. చూడటం తక్కువ, వాదించుకోవడం ఎక్కువ.

వాదన ఎప్పుడూ ఒక్కటే. ఆ అమెరికా లీగులో ఇప్పటిదాకా ఆడినవాళ్లలో ఏ స్థానానికి ఎవరు అందరికన్నా గొప్ప అని. జట్టుకు ఐదుగురు. బంతిని నడిపించేవాడు పాయింట్ గార్డ్. దూరం నుంచి బుట్టలో వేసేవాడు షూటింగ్ గార్డ్. ఫార్వర్డ్‌లు ఇద్దరు, ఒకడు చురుకు, ఒకడు బలం. బుట్ట కింద నిలబడి అందరి మోచేతి పోట్లూ తినేవాడు సెంటర్. మా పద్ధతి ఏమిటంటే, ఇద్దరం ఒప్పుకుంటేనే ఆ స్థానం తేలినట్టు. ఒక్కడు కాదన్నా తేలనట్టే.

మేమిద్దరం ఒకప్పుడు పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీ జట్టులో ఆడాం. క్యాంటీన్ వెనక సిమెంటు కోర్టు ఉండేది. ఆటంటే ప్రాణం పెట్టే పెద్దాఫీసరు ఒకాయన, గేటు దగ్గర నిలబడి పొడుగ్గా ఉన్నవాళ్లను ఏరి కోర్టులోకి తోసేవాడు. అలా దొరికాడు మా సెంటర్, ఈ నా స్నేహితుడు. గుమ్మడిదల వైపు పొలాలున్న ఇంటివాడు. నేను పొట్టివాణ్ని, ఉరుకుతానని తీసుకున్నారు. మాది అలాంటి పొలాల్లో కూలికి పోయిన ఇల్లు. ఊళ్లో అయితే నేను వాళ్ల వాకిట్లో నిలబడి మాట్లాడాల్సినవాణ్ని. కోర్టులో బంతి నేనిస్తేనే అతనికి అందేది. ఆ లెక్కనే మా స్నేహం కుదిరింది. రిటైరయ్యాక ఇద్దరం సంగారెడ్డిలోనే ఒక కాలనీలో పక్క వీధుల్లో ఇళ్లు కట్టుకున్నాం.

ఆట అతని మోకాళ్లను తినేసింది. వాటికోసం ఏళ్ల తరబడి మింగిన నొప్పి గోళీలు కిడ్నీలను తిన్నాయని డాక్టరు అన్నాడు. ఊళ్లో చుట్టాలు బోరు నీళ్లను అనుమానిస్తారు. ఏది నిజమో నాకు తెలియదు.

ఇక నా సంగతి. మా కాలనీలో శనివారం సాయంత్రం సత్సంగం జరుగుతుంది. గ్రంథం చదివి అర్థం చెప్పే పని చాలా ఏళ్లుగా నాది. నాకు చదవడం నేర్పిన గురువుగారు తిట్టేవారు కాదు, కానీ ఒక అక్షరం తప్పు చదివితే మళ్లీ మొదటి నుంచి చదివించేవారు. దేవుడు ఉన్నాడా అని నేనెప్పుడూ అడగలేదు. పొద్దున లేచి పొయ్యి మీద పాలు పెట్టినంత మామూలుగా నాకు ఆయన ఉన్నాడు. నా స్నేహితుడు మాత్రం ఒక్క శనివారం కూడా సత్సంగం గడప తొక్కలేదు. నన్ను పిలిచేది కూడా ‘స్వామీ’ అని, ఎగతాళికి.

నాలుగు స్థానాలు మొదటి సంవత్సరంలోనే తేలిపోయాయి. ఆ దేశపువాళ్ల పేర్లు మా నోళ్లు తిరగవు కాబట్టి మా పేర్లు మేమే పెట్టుకున్నాం. సెంటర్ దగ్గర ఆగిపోయాం. నేను చెప్పినవాడు గుంజ. ఇరవై ఏళ్లు కదలకుండా ఆడినవాడు. అతను చెప్పినవాడు జింక. తాటిచెట్టంత మనిషి, లేడిలా ఉరికేవాడు. కొన్ని సీజన్లే ఆడాడు. పాదం ఎముక విరిగితే, అతుక్కున్నది మళ్లీ విరిగి, వెళ్లిపోయాడు.

“ఇరవై ఏండ్లురా. ఎండ లేదు, వాన లేదు, నిలవడ్డడు గుంజ,” అన్నాను ఒక బుధవారం.

“గాళ్లు ఇంట్లనే ఆడుతరు స్వామీ. ఎండేంది, వానేంది?”

“మాటకు అన్న.”

“ఆఖరి ఐదేండ్లు ఏం ఆడిండో చెప్పు. బెంచి మీద తువ్వాల కప్పుకోని కూసున్నడు.”

“నిలవడుడు గూడ ఆటనేరా.”

“నిలవడుడే ఆట అయితే గీ ఇనుప స్టాండును పెట్టుకో సెంటర్‌ల. రాత్రి పగలు గీడనే ఉంటది.”

పక్క మంచం మీది పెద్దమనిషి నవ్వితే అతని మిషన్ కూత పెట్టింది. టెక్నీషియన్ అమ్మాయి వచ్చి, “సార్, మీ ఇద్దరి పంచాయితికి వార్డు మొత్తం బీపీ పెరుగుతుంది. జెర మెల్లగ,” అంది.

“నాదేం లేదు బిడ్డా. గీ స్వామిని బయట కూసోవెట్టు,” అన్నాడు నా స్నేహితుడు.

ఎండలు ముదిరిన రోజుల్లో అతని భార్య మా ఇంటికి వచ్చింది. నన్ను అన్నా అని పిలుస్తుంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“వచ్చే వారం నుంచి డయాలిసిస్‌కు పోడట అన్నా. ఇగ చాలు అంటుండు. కొడుకులు ఫోన్ల ఏడ్చిన్రు, ఇనలే. డాక్టర్ చెప్పిండు, బంద్ చేస్తె ఎన్నో దినాలు ఉండడని. గది గూడ ఇన్నడు, తల ఊపిండు.”

“నేను మాట్లాడ్త చెల్లె.”

“మాట్లాడుడు గాదు. పాపమని చెప్పు. నువ్వు దేవుని మాట చెప్పేటోనివి. నా మాట కొట్టిపారేస్తడు గని నీది ఇంటడు.”

మర్నాడు వెళ్లాను. వరండాలో కూర్చుని తడి గుడ్డతో పెదాలు తుడుచుకుంటున్నాడు. అతనికి రోజుకు ఇచ్చే నీళ్లు కొలిచి ఇస్తారు, అంతకు మించితే ఒళ్లు ఉబ్బుతుంది.

“పంపిందా?” అన్నాడు.

“పంపింది.”

“కూసో. వారంల మూడు దినాలు గా మంచం మీద. మిగిలిన దినాలు గా మంచం అలసట తీర్చుకునుడు. నడుమ ఏమన్న జెర మంచిగుంటె, గ్లాసు నిండ నీళ్లియ్యరు. గిది బతుకారా? నువ్వు చెప్పు. నువ్వైతే ఉంటవా?”

“ఉంటనో లేదో నాకు తెల్వదు. ఉండాలె అని మాత్రం తెల్సు.”

“ఎట్ల తెల్సు?”

“పానం మనది గాదురా. ఇచ్చినాయన తీస్కపోవాలె.”

అతను నవ్వాడు. “ఆత్మకు పెయ్యి పాత బట్ట అసుంటిదని శనివారం శనివారం మైకుల చెప్తవ్ గద. మా ఇంటి దాక ఇనవడ్తది. పాత బట్ట ఇడ్సుడు పాపమెట్లయితది?”

అతను నా మాటలు వింటున్నాడని నాకు అప్పటిదాకా తెలియదు. ఇన్నేళ్లుగా ఆ వరండాలోనే కూర్చుని విన్నాడు. నాకు సంతోషం కలగాలి. భయం కలిగింది. ఆమె లోపల తలుపు వెనక నిలబడి ఉంది, చీర అంచు కనిపిస్తోంది. అప్పుడు నేను నా గొంతు మారడం నేనే విన్నాను. సత్సంగంలో మాట్లాడే గొంతు అది.

“ఇడిపించేటోడు ఆయన. మనంతట మనం చింపుకుంటె అది ఆత్మహత్యనే. కర్మ తీరకుండ పోయినోడు తప్పించుకోడు. వచ్చే జన్మల మళ్ల ఆగిన కాడ్నించే మొదలుపెట్టాలె. గిదే జబ్బు, గిదే సూది, గిదే మంచం.”

అతని మొహంలో నవ్వు పోయింది.

“నిజమేనా?”

“నిజమే.”

సోమవారం నాకంటే ముందే ఆటో ఎక్కి కూర్చున్నాడు. ఆమె నా కాళ్లకు మొక్కబోతే వద్దన్నాను. ఆ రోజు నేను దేవుడికి దండం పెట్టుకుని, నా నోట మంచి మాట పలికించావని చెప్పుకున్నాను. ఆ మాట మనసారా అన్నాను.

ఆట మొదలైంది. నేనే కదిపాను. “గుంజను ఒప్పుకుంటవా, లేదా?”

“గుంజనే పెట్టు,” అన్నాడు.

ఐదో స్థానం తేలిపోయింది. నేను గెలిచాను. ఫోన్‌లో ఎవడో దూరం నుంచి వేసిన బంతి బుట్టలో పడింది, అతను అటు చూడలేదు. కాసేపటికి, రెండో జట్టు కడదాం, ఒక్కో స్థానానికి రెండో గొప్పవాడు ఎవరో చూద్దాం అన్నాను. సరే అన్నాడు. నేను చెప్పిన ప్రతివాణ్నీ ఒప్పుకున్నాడు. బుధవారం, శుక్రవారం, తర్వాతి వారం కూడా అంతే. చివరికి కావాలనే, తన కాళ్లకు తనే అడ్డుపడి పడిపోయే ఒకడున్నాడు, వాణ్ని మేం బర్రె అనేవాళ్లం, సెంటర్‌లో బర్రెను పెడదామా అని అడిగాను.

“పెట్టు.”

“బర్రెనురా.”

“నీ ఇష్టం స్వామీ. పెట్టు.”

ఎగతాళికి అనే స్వామి కాదు అది. టెక్నీషియన్ అమ్మాయి బీపీ చూసి, “ఈమధ్య మస్తు మంచిగుంది సార్, గొడవలు బంద్ చేసినందుకు,” అని రాసుకుని వెళ్లింది. అతను కళ్లు మూసుకుని పడుకున్నాడు. మనిషి ఉన్నాడు, వస్తున్నాడు, తింటున్నాడు. కానీ అతనిలో ఏదో నన్ను చూసి దాక్కుంది. దేవుణ్ని చూసి దాక్కుందేమో అనిపించినప్పుడు నాకు అన్నం సహించలేదు.

పటాన్‌చెరులో ఉండే గురువుగారి దగ్గరికి వెళ్లాను. చూపు తగ్గింది, వినికిడి బాగానే ఉంది. జరిగింది మొత్తం చెప్పాను. ఆయన తువ్వాలు అంచు మడుస్తూ విప్పుతూ విన్నారు.

“ఆత్మహత్య పాపమన్నది నిజం,” అన్నారు. “మిషన్ బంద్ చేసుడు ఆత్మహత్యనా, దేవుని మీద భారమేసి ఊకుండుడా, గది నాకు తెల్వదు బిడ్డా. రాసిన నాడు మిషన్ లేకుండె. గసుంటోళ్లు మళ్ల గదే జబ్బుతోని పుడ్తరని నేనైతే నీకు చెప్పలే. ఎక్కడ చదివినవ్?”

ఎక్కడా చదవలేదు. అక్కడొక ముక్క, ఇక్కడొక ముక్క విన్నవి ఆ వరండాలో నా నోట్లో కలిసిపోయాయి. ఆమె అడిగినంత గట్టిగా ఉండాలని కలిసిపోయాయి.

బస్సులో తిరిగి వస్తూ రుద్రారం దాటేదాకా ఒకటే ఆలోచన. చెబితే మానేస్తాడు. మానేస్తే చచ్చిపోతాడు. చెప్పకపోతే నేను కల్పించిన భయంతో బతుకుతాడు, దానికి దేవుడి పేరు ఉంటుంది. ప్రార్థనలో అడిగాను. జవాబు రాలేదు. నాకు ఇంతకుముందు జవాబు రాకపోవడం అలవాటు లేదు, లేదా వచ్చిందని తొందరపడి అనుకోవడం అలవాటై ఉంటుంది.

తర్వాతి సోమవారం సూదులు గుచ్చాక చెప్పాను. గురువుగారు అన్నది, నాకు తెలియనిది, ఏదీ దాచలేదు.

అతను ట్యూబులో తిరుగుతున్న తన రక్తం వైపు చూస్తున్నాడు.

“అంటే నీకు తెల్వదు.”

“తెల్వదు.”

“తెల్వకనే చెప్పినవ్.”

“నిజమనుకునే చెప్పిన.”

“నీ యవ్వ,” అన్నాడు మెల్లగా. తర్వాత గట్టిగా అన్నాడు. “నిద్ర పట్టలేదురా నాకు. కండ్లు మూస్తె సిన్న పిల్లగాన్ని అయి గీ మంచం మీదనే పండుకున్నట్టు కనవడ్డది. సూదులు పట్టేంత చెయ్యి గూడ లేదు వానికి. తెలుస్తుందా నీకు?”

నేను జారుతున్న ఫోన్‌ను మళ్లీ స్టాండుకు ఆనించాను.

“గుంజను తీసెయ్,” అన్నాడు. “జింకను పెట్టు.”

“పెట్ట.”

“ఎందుకు పెట్టవ్?”

“పాదం విరగకపోతె ఏమైతుండెనో అన్న ఊహకు మార్కులేస్తున్నవ్ నువ్వు. ఆడినదానికి గాదు.”

“నీ గుంజ ఆడినదానికి ఏస్తున్నవా, ఉన్నదానికి ఏస్తున్నవా?”

అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. ఇద్దరినీ తిట్టింది. నాకు ఏడుపొచ్చింది, ముక్కు చీదినట్టు చేసి సర్దుకున్నాను. ఇంటికి చేరాక ఆటో దిగుతుంటే అడిగాను, బుధవారం వస్తావా అని.

“బుధారం నాడు అడుగు,” అన్నాడు.

ఆ సాయంత్రం అతను భార్యకు చెప్పాడు. ఆమె మా గేటు దాకా వచ్చి లోపలికి రాకుండా నిలబడింది.

“నిన్ను నమ్మి చెప్పమన్న. చెప్పినవ్. ఏసిన ముడి మళ్ల ఎందుకు ఇప్పినవ్ అన్నా?”

“నేను చెప్పింది శాస్త్రం గాదు చెల్లె. దేవుని పేరు మీద అబద్ధం...”

“అబద్ధమో నిజమో ఎవలు చూసొచ్చిన్రు? మనిషైతే ఉంటుండె గద.”

నేను గేటు తీసేలోపే ఆమె వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. నిజం చెప్పడమే సరైనదని నమ్ముతున్నాను. ఆమెకు చేసింది అన్యాయమని కూడా నమ్ముతున్నాను. ఈ రెండింటినీ ఒక దండంలో దేవుడి ముందు ఎలా పెట్టాలో నాకెవరూ నేర్పలేదు.

అతను ఆ బుధవారం వచ్చాడు. ఆ తర్వాతా వస్తున్నాడు. కానీ ఏ రోజుకు ఆ రోజే తేల్చుకుంటాడు. నేను పొద్దున్నే ఆటో తీసుకుని వాళ్లింటికి వెళ్తాను. ఆమె గేటు తీసి మాట లేకుండా లోపలికి పోతుంది. వరండాలో అతను చొక్కా తొడుక్కుని ఉంటే నా గుండె కుదుటపడుతుంది.

మొన్న శుక్రవారం బనియన్ మీద, లుంగీలో ఉన్నాడు. ఆటో బయట ఆగి ఉంది. నేను పక్కన కూర్చున్నాను. అతని చేతిలోని ఫోన్‌లో ఆట అప్పటికే మొదలైంది. పాపం గురించి ఏమీ అనలేదు. రమ్మని బతిమాలాలని నోటిదాకా వచ్చింది, అదీ అనలేదు. ఆమె గడపలో నిలబడి నన్నే చూస్తోంది, ఏదైనా అను అన్నట్టు. సగం ఆట అయ్యేదాకా ముగ్గురం అలాగే ఉన్నాం. ఆటోవాడు రెండుసార్లు హారన్ కొట్టాడు.

అప్పుడు అతను లేచి లోపలికి వెళ్లి చొక్కా తెచ్చుకున్నాడు. సూదుల చెయ్యి వంగదు. ఆమె వచ్చి తొడిగి, గుండీలు పెట్టింది. నా వైపు చూడలేదు. ఆటోలో నేను సోమవారం సంగతి అడగలేదు, అతను చెప్పలేదు.