మంచు కోసం ఆగిన మగ్గాలు

ఈ రోజు మధ్యాహ్నం దాజీ పేట్‌లో మా గల్లీ పవర్‌లూమ్‌లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. మా చెల్లెలు లావణ్యకు ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ. హిమాలయాల్లో ఒక యూనివర్సిటీలో మంచు శాస్త్రం బోధించే ప్రొఫెసర్ ఉద్యోగం. మగ్గాల చప్పుడులో తన మాట వినబడదని నాన్న ఇంటింటికీ వెళ్లి బతిమాలి ఆపించాడు.

కానీ మా దగ్గర కరెంటుండగా మగ్గాలన్నీ ఆగాయంటే ఎవరో చనిపోయారనే లెక్క. పక్క గల్లీలో బీడీలు చుట్టుకుంటున్న నర్సవ్వత్త చాట అక్కడే వదిలేసి ఏడుస్తూ పరిగెత్తుకొచ్చింది.

"ఎవరు పోయిండ్రు బిడ్డా?"

"ఎవ్వరు పోలే అత్తా! లావణ్యకు నౌకరీ ఇంటర్వ్యూ నడుస్తుంది. మంచు గురించి అడుగుతుండ్రు."

"మంచా? ఈ పిల్ల బండి మీది ఐసు బర్ఫ్ గోలా తప్ప ఏం జూసిందిరా?"

కళ్లు తుడుచుకుని గుమ్మంలో కూర్చుంది. తన వెనకే పరామర్శకు వచ్చినవాళ్లందరినీ "గప్‌చుప్ కూసోండ్రి" అని ఆమే అదిలించింది.

కాసేపటికి లావణ్య నవ్వుతూ బయటికొచ్చింది. ఎప్పుడు చేరతారని అడిగారట! పైగా "మీరుండే చోటు ఎంత ప్రశాంతంగా ఉందండీ" అని మెచ్చుకున్నారట.

ఆ మాట పూర్తవకముందే మగ్గాలన్నీ మళ్లీ మొదలయ్యాయి.

మీ గల్లీ ఎప్పుడైనా ఒకరి కోసం ఇలా ఆగిందా? చెప్పండి. నర్సవ్వత్త మాత్రం వచ్చిన పని వదల్లేదు. లావణ్యను పట్టుకుని కరువుతీరా ఏడ్చే వెళ్లింది, ఈసారి సంతోషంతో.