కొళాయి వరసలో అక్క బిందె

మా పక్కింటి అక్క పోయిన సంగతి నాకు గోడలోంచి తెలిసింది. బంగారు గనివాళ్ళకని కట్టించిన లైను ఇళ్ళు మావి, ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. పిల్లలు బెంగళూరు రైలుకు బయల్దేరే వేళకు రోజూ ఆమె దగ్గు వినబడేది. ఆ పొద్దు దగ్గు లేదు, కోడలి ఏడుపు వినబడింది. "పెద్దమ్మా, అత్త లేయలేదు. బిరీన రాండి."

సంగటి తిని పడుకున్న మనిషి నిద్రలోనే పోయింది. నేనేమో ఆయాసంతో కూర్చునే తెల్లవారుస్తాను. ఎప్పుడు పోతానో, పిల్లలను ఎంత కష్టపెట్టి పోతానో అని ఒకటే దిగులు. ఆమెకు ఏ దిగులూ లేకుండా అయిపోయింది. ఆమె కాళ్ళ దగ్గర ఏడుస్తూనే, ఇందులోనూ నాకంటే ముందే అనుకున్నాను. ఆమె మీద అసూయ లేదని రాస్తే అది ఆమె గురించి రాసినట్టే కాదు.

గని మూసేసిన కొన్నేళ్ళకు బెంగళూరు నుంచి చదువుకునే అమ్మాయి ఒకతె వచ్చింది. లైన్లలో ఆడవాళ్ళ బతుకు మీద పరిశోధన చేస్తానంది. అంతకుముందు వచ్చినవాళ్ళు ప్రశ్నలడిగి, రాసుకుని పోయేవారు. ఈ అమ్మాయి తలా ఒక చిన్న కెమెరా చేతికిచ్చింది. "మీ బతుకు గురించి బయటివాళ్ళకు ఏం తెలియాలో మీరే తీయండి. ఎందుకు తీశారో తరువాత మీరే చెప్పండి" అంది. కట్టడి ఒక్కటే పెట్టింది. అడగకుండా ఎవరి మొహమూ తీయకూడదు, వద్దంటే వదిలేయాలి.

కెమెరా వచ్చినప్పటినుంచి నాకు నిద్ర లేదు. పగిలితే? ఎవరైనా ఎత్తుకుపోతే? తువ్వాలులో చుట్టి బియ్యం డబ్బాలో దాచాను. తీయక తప్పదని ఒకరోజు బయటికి తీసి, ఎవరి కంటా పడకుండా వాకిలి మూసి, గడియ పెట్టి, ఇంట్లోనే తీశాను. పొయ్యి తీశాను, దేవుడి పటం తీశాను, చివరికి ఆ గడియ కూడా తీశాను.

అక్క అట్లా కాదు. కొంగు బొడ్లో దోపి, కెమెరా మెళ్ళో వేసుకుని లైన్లన్నీ తిరిగింది. బంగారం తీసేసిన మట్టి పోసిన సైనైడు దిబ్బ మీద నుంచి గాలికి లేచిన దుమ్ము ఆరేసిన చీరల మీద పడుతుంటే తీసింది. తలుపు లేని కక్కసు ముందు చీర అడ్డం పట్టుకుని నిలబడ్డ ఆడపిల్లలను, వాళ్ళను అడిగి, తీసింది. ఆమె అడిగితే ఎవరూ కాదనేవారు కాదు. అదే నాకు కిట్టేది కాదు.

నన్నూ అడిగింది. "ఏం మే, నీదొకటి తీద్దునా?"

"తల దువ్వుకోలేదక్కా. రేపు తియ్యి."

మర్నాడు వస్తే రవిక మాసిందన్నాను. ఇంకోనాడు దిష్టి తగులుతుందన్నాను.

"నువ్వు రెడీ అయ్యేలోపల మూసిన గనే మళ్ళా తెరుస్తారు పో" అని నవ్వుకుంటూ పోయింది. ఇంకొక్కసారి అడుగుతుందిలే అనుకున్నాను. అడగలేదు.

ఫోటోలు వచ్చిన రోజు మా ఆడవాళ్ళ సంఘం గదిలో చాపల మీద గుండ్రంగా కూర్చున్నాం. నావన్నీ నలుపే.

"ఇదేంది పెద్దమ్మా?" అంది ఆ అమ్మాయి.

"మా ఇంటి గడియ."

అక్క అందుకుని చూసింది. "వాకిలి మూసుకుంటే వెలుతురు యాడనుంచి వస్తాది మే? పాపం, గడియకు కూడా ఉక్కపోసింటాది." గదంతా నవ్వింది. నేను నవ్వలేదు.

తరువాత ఆమె తన ఫోటోలు పరిచింది. పాలామె మొహం ఉంది, బడి ఆయా మొహం ఉంది, నాతో ఎప్పుడూ కొట్లాడే చివరింటామె కూడా పళ్ళన్నీ కనబడేట్టు నవ్వుతూ ఉంది. నా మొహం కోసం అన్నీ వెతికాను. లేదు.

కోలారులో ఆ అమ్మాయి పెట్టించే ప్రదర్శనలో గోడకు పెట్టడానికని అక్క ఎంచుకున్నది మాత్రం మొహాల ఫోటో కాదు, కొళాయి ముందు బిందెల వరస. మాకు నీళ్ళు ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పలేరు. అందుకని మనుషులకు బదులు బిందెలు నిలబడతాయి. బిందె ఉంటే మనిషి ఉన్నట్టే. వెనకవాళ్ళు దాన్ని ముందుకు జరుపుతారు గానీ దాటరు.

"ఈ ఎర్ర పేలిక కట్టిన నీలం బిందె మా పక్కింటామెది" అని వేలు పెట్టి చూపించింది అక్క. "ఎవరన్నా మార్చేస్తారని గుర్తు కట్టినాది. నీళ్ళు రావేమోనని దిగులుతో అందరికంటే ముందు తెచ్చి పెడతాది. ఆ చప్పుడుకే మేమంతా లేచేది. ఈమె దిగులు లేకుంటే సగం లైనుకు నీళ్ళుండవు."

నా చెవిలో బిందె అన్న మాటే పడింది. "అందరికీ మొహాలు, నాకు బిందెనా అక్కా?"

"మొహం నువ్వియ్యలే. బిందె వద్దనలే."

కోలారు ప్రదర్శనలో ఆ ఫోటో ముందు జనం నిలబడి చూశారు. ఆమెను మాట్లాడమన్నారు, మాట్లాడింది. నేను వెనక కూర్చుని, బస్సు తప్పిపోతుందేమోనని భయపడ్డాను. తనకిచ్చిన ఫోటో తెచ్చి నా చేతిలో పెట్టింది ఆమె. తేమ తగులుతుందని కవరులోంచి తీయకుండానే మా ఇద్దరి మధ్య గోడకు తగిలించాను. నాకు ఆయాసం వచ్చినప్పుడల్లా ఆ గోడ అవతలి నుంచి తట్టేది. "దిగులు పడేదానికి కూడా బలం కావాల మే. ఇంత తిని పడు." తినేదాన్ని.

ఆమె సాగనంపుకు ఆ అమ్మాయి బెంగళూరు నుంచి వచ్చింది. కళ్ళద్దాలు వచ్చాయి, ఒళ్ళు చేసింది. కోడలిని పట్టుకుని ఏడ్చింది. చివరింటామె ఏడ్చింది. నేను పోతే ఇంతమంది వస్తారా అని అక్కడా లెక్క చూసుకున్నాను.

మర్నాడు కొళాయి దగ్గరికి పోయాను. తాను చనిపోయే ముందటి సాయంత్రం అక్క మా వాకిట్లోకి వచ్చి, "ఆయాసంతో ఉండావు, నీ బిందె కూడా నేనే పెడతా" అని తీసుకుపోయింది. నడుమ నీళ్ళు రాలేదు, రెండూ అక్కడే ఉన్నాయి. ముందు ఆమె పచ్చ బిందె, దాని వెనక నా నీలం బిందె. అన్నేళ్ళలో నాకంటే ముందు ఆమె బిందె ఉండటం అదే మొదలు.

నీళ్ళు వచ్చాయి. వరస కదిలింది. ఆమె బిందెను జరిపి, నాది జరిపాను. మా వంతు వచ్చేసరికి వెనక నుంచి చివరింటామె, "ఆ పచ్చది పక్కన పెట్టేయరాదా, ఇంగ ఎవరికి?" అంది.

"ఉండనీ మే. అక్క నాకంటే ముందు పెట్టినాది."

పచ్చ బిందెను కొళాయి కింద పెట్టాను. ధార సన్నగా పడుతోంది. వెనక నా బిందె కాచుకుని ఉంది, మెడకు కట్టిన ఎర్ర పేలిక గాలికి కదులుతూ.