మంచి ఘడియలో పెట్టిన సంతకం

ఆరేళ్లుగా ఒక మాట నా గుండెల మీద బండలా కూర్చుని ఉంది. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకి చెప్పాలంటే నోరు పెగలదు, అందుకే మీకు చెబుతున్నాను.

రాజమండ్రిలో ఒక వరి విత్తనాల కంపెనీలో కంప్యూటర్ గది నాది. నాదని అనుకునేవాణ్ణి. కొత్త వంగడాలు వేసిన మడుల ఫోటోలు, కొలతలు ముందు డిస్కులో దాచేవాళ్లం. డిస్కు నిండితే పాతవి టేపుకి ఎక్కించి, డిస్కు మీద చెరిపేసేవాళ్లం. ఆ తర్వాత ఆ టేపే ఆధారం.

మా మేనేజరు గారికి ఒక పట్టింపు. శుక్రవారం పదిన్నరకి రాహుకాలం వస్తుంది కాబట్టి ఆలోపే టేపు పెట్టాలి, రిజిస్టరులో 'ఎక్కించాం' అని సంతకమూ అప్పుడే పెట్టెయ్యాలి. కాపీ మాత్రం మధ్యాహ్నం భోజనాల వేళ దానంతటదే మొదలయ్యేది. అంటే పని మొదలవకముందే పూర్తయినట్టు సంతకం. ఎవరికీ వింతగా అనిపించలేదు. పద్నాలుగేళ్లు నేనూ అలాగే పెట్టాను.

తర్వాత లావణ్య వచ్చింది. అమలాపురం అమ్మాయి. ఏడాది తిరక్కుండానే మేనేజరు గారు ప్రతిదానికీ "లావణ్యని అడగండి" అనడం మొదలుపెట్టారు. హైదరాబాదు ట్రైనింగుకి నన్ను కాదని ఆమెని పంపారు. టేపుల పని, ఆ సంతకంతో సహా, ఆమెకి ఇచ్చేశారు. నాకు కొత్త టేపులుండే బీరువా తాళాలు మిగిలాయి. ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఇంట్లో మా ఆవిడతో నవ్వుతూ అన్నాను. అది నవ్వా? కుళ్ళు. పచ్చి కుళ్ళు. ఆ పిల్ల ఇంటికెళ్లి వచ్చినప్పుడల్లా వాళ్లమ్మ పనసాకు బుట్టల్లో ఇడ్లీల్లా వండిన పొట్టిక్కలు తెచ్చి ముందు నాకే పెట్టేది. అవి తింటూ కూడా ఏడ్చాను ఆమె మీద.

టేపు మూల చిన్న మీట ఉంటుంది. అది జరిపితే ఆ టేపు మీద ఇంకేమీ రాయడం కుదరదు. ఒక శుక్రవారం బీరువాలోంచి కొత్త టేపు తీసి ఆమెకి ఇచ్చేముందు నా బొటనవేలు ఆ మీటని జరిపింది. వేలు జరిపిందట! నేనే జరిపాను.

భోజనం చేసి వచ్చేసరికి కాపీ అవలేదని మెయిల్ వచ్చింది. అలాంటి మెయిళ్లు ఇంకా నాకే వచ్చేవి. చెరిపేశాను. సోమవారం అందరి ముందూ టేపు ఖాళీగా ఉందని నేనే పట్టుకోవాలి, ఆమె ముఖం చిన్నబోవాలి, నా అవసరం ఏమిటో మేనేజరుకి తెలిసి రావాలి. అప్పటికి నా ఆశ అంతవరకే. అంతవరకేనా? ఇప్పుడు ఒట్టు వేసి చెప్పలేను.

సోమవారం నాకు జ్వరం. సెలవు పెట్టాను. పదకొండింటికి లావణ్య ఫోన్ చేసింది.

"అన్నయ్యగారూ, డిస్కు నిండిపోయిందండి. పాతవి చెరిపెయ్యమంటున్నారు. ఒకసారి టేపు చదివి చూసుకుని చెరపనాండి?"

వెనక నుంచి మేనేజరు గొంతు వినిపించింది. "ఆయన్నెందుకమ్మా అడగడం, నీకు తెలీదేంటి?"

ఒళ్ళు భగ్గుమంది.

"నీ సంతకం మీద నీకే నమ్మకం లేదా అమ్మా?" అన్నాను.

"అయ్యో, అదేం లేదండి. ఉంటానండి."

ఫోన్ పెట్టేసింది. నేను తిరిగి చెయ్యొచ్చు. ఫోను చేతిలోనే ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను. జ్వరంలో ఏదో అనేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను గానీ, జ్వరం నూటొకటి కూడా లేదు.

జూన్‌లో నాట్లకి ముందు పాత కొలతలు కావలసి వచ్చాయి. డిస్కు మీదివి ఆ సోమవారమే, టేపు చూడకుండా, లావణ్య చెరిపేసింది. టేపు ఖాళీ. మీటని ఎప్పుడో వెనక్కి జరిపేశాను. ఏడేళ్ల మడులు పోయాయి. రిజిస్టరు తెరిస్తే ఆమె సంతకం. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. "ఆ రోజు ఈయన్ని అడిగావు కదా, ఏమన్నారు?" అని మేనేజరు గారు నన్ను చూపించి ఆమెని అడిగారు. "ఆయన జ్వరంలో ఉన్నారండి, సరిగ్గా మాట్లాడలేకపోయారు" అంది లావణ్య. నా వైపు చూడను కూడా లేదు.

ఆ వారమే మానేసింది. సంతకం మళ్లీ నాకు వచ్చింది. మొదటి శుక్రవారం అది పెడుతూ సంతోషించాను కూడా. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం.

ఆమె ఇప్పుడు నరసాపురంలో ఒక చిన్న బడిలో పిల్లలకి పాఠాలు చెబుతోంది. కంప్యూటర్ల జోలికి వెళ్లడం లేదట. పోయిన వారం మెసేజ్ పెట్టింది. "అన్నయ్యగారూ, ఆ రోజు నేనేం మర్చిపోయానో ఇప్పటికీ తట్టడం లేదండి. మీకేమైనా గుర్తుందా?"

జవాబు ఇవ్వలేదు. ఇస్తానో లేదో తెలియదు. ఇక్కడ మాత్రం రాస్తున్నాను. రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది. నువ్వేమీ మర్చిపోలేదు లావణ్యా. టేపు చదివి చూస్తానన్నావు. చూడకుండా చేసింది నేను.