కాంగాతో కట్టిన ఒడి

2022 నవంబరు, వదలని ముసురు. ముత్తుకూరులో ఒక చిన్న ఆసుపత్రి, ప్రసూతి వార్డులో నేను నర్సును. కృష్ణపట్నం రేవులో పనిచేసే టాంజానియా ఇంజనీరు భార్య రెహెమాకు ఆపరేషన్ చేసి నెల తక్కువ మగబిడ్డను తీశారు. పాలు తాగుతున్నాడు గానీ ఒళ్లు వెచ్చగా నిలవడం లేదు.

ఇలాంటి బిడ్డలకు మేం కేఎంసీ, అంటే కంగారూ మదర్ కేర్ చేయిస్తాం. టోపీ, లంగోటీ తప్ప బట్టల్లేకుండా బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి బెల్టుతో కట్టేస్తాం. తల్లి ఒంటి వేడే వాడికి మందు. రెహెమా భారీ మనిషి, మా బెల్టు ఆమెకు చుట్టూ తిరిగి రాలేదు. చేతులతోనే పట్టుకునేది. చేతులు నొప్పెట్టి ఉయ్యాల్లో వేయగానే వాడి పాదాలు చల్లబడేవి.

"సాయంత్రం దాకా చూద్దాం సిస్టర్. అప్పటికీ ఇంతే అయితే బిడ్డను నెల్లూరు పెద్దాసుపత్రికి పంపాల్సిందే," అన్నారు డాక్టరు గారు.

కుట్లతో ఉన్న తల్లి వెంట వెళ్లే వీలు లేదు. రెహెమా నా చెయ్యి పట్టేసుకుంది. ముత్తుకూరు అంగళ్లలో నేర్చుకున్న తెలుగులో, "పంపొద్దు అక్కా," అంది.

"మీ ఊళ్లో బిడ్డను ఎట్టా ఎత్తుకుంటారు మా?" అని అడిగాను.

సంచిలోంచి రెండు కాంగాలు తీయించింది. నాలుగు వైపులా అంచున్న నూలు గుడ్డలవి. అక్కడి ఆడవాళ్లు నడుముకొకటి, భుజాలకొకటి చుట్టుకుంటారట, జతగానే కొంటారట.

"అమ్మ ఇచ్చింది. వీపుకి కడతాం. ముందుకి నాకు రాదు," అంది.

ముందుకి కట్టడం నాకు బాగా వచ్చు. విడవలూరు దగ్గర వంగతోటల్లో మా అమ్మ కొంగుతో ఒడి కట్టి కాయలు కోసేది, నేనూ కోసినదాన్నే.

"అన్ని వంకాయలు మోసిన ఒడి నీ పిడికెడు బిడ్డను మొయ్యదా? కదలకుండా కూర్చో," అన్నాను.

కాంగా కింది అంచు బిడ్డ పిరుదుల కింద మడిచి, కుట్లకు తగలకుండా పక్కకు ముడి వేశాను. పై అంచు రెహెమాయే తనకు తెలిసినట్టు మెలిపెట్టి చంక కింద దోపుకుంది. బిడ్డకు ఊపిరి ఆడుతోందో లేదో చూసుకుని పక్కనే కూర్చున్నాను.

సాయంత్రం డాక్టరు గారు వాడి పాదాలు పట్టుకుని చూశారు. "నెల్లూరు వద్దులే," అన్నారు. రెహెమా ఏడ్చింది. నేనూ ఏడ్చాను, నర్సులకు ఏడుపు రాదని ఎవరన్నారు?

ఇంటికి వెళ్లేరోజు రెండో కాంగా నా చేతిలో పెట్టింది.

"జత విడదీయబాకమ్మా, మీ అమ్మ ఇచ్చిందిగదా," అన్నాను.

"అమ్మే చెప్పింది. ఒకటి నీకు, ఇంకొకటి కాన్పులో నీ పక్కనున్న మనిషికి అని. అమ్మ వస్తాదనుకున్నా. నువ్వున్నావు."

ఇప్పుడు బెల్టు కట్టే ముందు ప్రతి తల్లినీ, మీ ఇంట్లో బిడ్డను ఎట్టా ఎత్తుకుంటారని అడుగుతాను. గుడ్డేదీ తెచ్చుకోని తల్లికి నా కాంగా ఉతికించి కడతాను. నా ఒంటికి మాత్రం దాన్ని ఇంతవరకు చుట్టుకోలేదు, బిడ్డల నుంచి దానికి తీరిక దొరికితేగా.